డ్రమ్ము మీది మాట

నేల మీద కారిన, రంగులు పలచన చేసే థిన్నరును ఇసుక పీల్చుకున్నాక, డ్రమ్ముల సందుల్లోంచి ఆ ఇసుకను చీపురుతో లాగి తట్టలోకి ఎత్తుతోంది నిప్పత్త. రంగుల గోడౌనులో లోడర్లు పెట్టిన పేరది. జేబులో అగ్గిపెట్టె కనబడిన ప్రతివాణ్ణీ దులిపి ఆరేసే మనిషికి అంతకన్నా మంచి పేరు ఎవరు పెడతారు? కుడి భుజం కాస్త కిందికి జారిపోయింది. థిన్నరుకు వేళ్ళు పగిలి తెల్లగా పొలుసులు లేస్తుంటాయి. అక్షరం ముక్క రాదు. కానీ ప్రతి డ్రమ్ము మీదా ఎర్రగా అచ్చేసిన ఇంగ్లీషు మాటను మాత్రం ఆకారం పట్టి గుర్తుపడుతుంది. ఇన్‌ఫ్లేమబుల్, అంటే ఇట్టే అంటుకునేది.

ఆ మాటే ఆమె మొగుణ్ణి మింగింది. పదో తరగతి చదివినవాడు. ఇన్‌కరెక్ట్ అంటే కరెక్ట్ కాదు గనక ఇదీ అంటుకోదనే ధీమాతో, ఇక్కడే, మూత తీసిన డ్రమ్ము పక్కన సిగరెట్టు వెలిగించాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, ఆయనకు ప్రాణమే పోయింది. కంపెనీ దయతలచి ఆమె చేతికి చీపురిచ్చింది. ఆ దయను పదకొండేళ్ళుగా ఆమె అసహ్యించుకుంటూనే ఉంది.

వారం కిందట బట్టల గోడౌను నుంచి వచ్చిన సూపర్‌వైజరు, ఆ ఉదయం ముగ్గురు కొత్త లోడర్లను వెంటబెట్టుకొచ్చాడు. అతని చొక్కా నలగదు, తెలివీ నలగదు. లోడర్లలో ఒకడు డ్రమ్ము మీది మాట చూపించి ఏమిటని అడిగాడు. డిగ్రీ చదివిన నోరు ఊరుకుంటుందా? అచ్చం ఆమె మొగుడు చెప్పుకున్న అర్థమే చెప్పి, టీ వేళకు ఈ నీడనే కూర్చోండి, కాల్చుకుంటే కాల్చుకోండి అన్నాడు.

నిప్పత్త చీపురు వదిలేసింది.

"అది అంటుకుంటుంది బాబూ. మా ఆయన్నడుగు, చెబుతాడు," అంది.

ఆ ఆయన ఎక్కడున్నాడో తెలియక లోడర్లు నవ్వారు. సూపర్‌వైజరు నవ్వలేదు. ఊడ్చేవాళ్ళ దగ్గర ఇంగ్లీషు నేర్చుకునే గతి తనకింకా పట్టలేదన్నాడు. డిగ్రీ ఉండగా చీపురు మాట ఎవరు నమ్ముతారు? ఒకడు అప్పుడే సిగరెట్టు తీసి చెవి వెనక దోపుకున్నాడు.

అది చూశాక ఆమె ఆగలేకపోయింది. వాడి అగ్గిపెట్టె లాక్కుని, సీసా మూతలో కాస్త థిన్నరు పట్టుకుని, గేటు దాటి దూరంగా నేల మీద పోసింది. వాళ్ళంతా వెనకే వచ్చారు. ఎడంగా నిలబడి పుల్ల గీసింది. విసిరిన పుల్ల నేలను తాకకముందే భగ్గుమంది. సూపర్‌వైజరు రెండంగల్లో వెనక్కి గెంతాడు. ఆ గెంతు చూసి ఆమె కళ్ళు చల్లబడ్డాయి.

పనివాళ్ళ ముందు గెంతినందుకు అతని మొహం మాడిపోయింది. గోడౌను దగ్గర నిప్పు రాజేసినందుకు అప్పటికప్పుడే ఆమెను పనిలోంచి తీసేస్తున్నానన్నాడు.

"తీసెయ్. వీళ్ళని మాత్రం కాల్చనివ్వకు."

బతిమాలలేదు. అగ్గిపెట్టెను గేటు పక్క పిట్టగోడ మీద పెట్టి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం లోడర్లు టీ బయటే తాగారు. ఆమెను రమ్మని కబురు మాత్రం వెళ్ళలేదు, ఇక వెళ్ళదు కూడా.

అప్పటికి పిట్టగోడ మీద అగ్గిపెట్టెలు మూడయ్యాయి. వాటికి కాస్త ఎడంగా, ఎవరూ చూడకుండా తెచ్చి పెట్టిన సూపర్‌వైజరు వెండిరంగు లైటరు ఎండకు మెరుస్తోంది.