తొమ్మిది గుడ్డల బరువు

పొద్దున్న ఏడయ్యేసరికి కాఫీ షెడ్డులో ఆడవాళ్ళు బల్లల ముందు కూకునేవారు. కొండమీంచి గోనెల్లో దిగిన పళ్ళని బల్లమీద గుమ్మరించి, ఎర్రపండు ఇటు, పచ్చికాయ అటు ఏరాలి. చూడ్డానికి తేలికే గాని చెయ్యి తిరగడానికి రెండు కాపులు పడుతుంది. అలా చెయ్యి తిరిగినోళ్ళు నిరుడు పదకొండుమంది పని మానేశారు. అందరూ పసిపిల్లల తల్లులే. కొత్తోళ్ళు పచ్చికాయ కలిపేసి సరుకంతా పాడుచేశారు. అందుకని ఈ ఏడు ఓనరు షెడ్డు వెనకాల పిల్లలగది కట్టించి, సోములమ్మ అనే ముసలామెని ఆయాగా పెట్టాడు. పనిలో ఉన్నోళ్ళ పిల్లల్ని ఊరికే చూసుకుంటారని ఊరూరా చెప్పించాడు.

ఆ మాట వినే సోని మళ్ళీ పనిలోకొచ్చింది. మొగుడు సుక్రు చెట్టుమీంచి పడి మంచాన ఉన్నాడు. ఇల్లు గడవాలంటే ఆమె కూలి ఒక్కటే. బిడ్డకి పది నెలలు.

సోములమ్మ ఒళ్ళో బిడ్డని దింపేశాక తొమ్మిదిమంది తల్లులూ, బిడ్డని వీపున మోసే ఎత్తుగుడ్డని ఖాళీగానే కట్టుకునేవారు. బిడ్డ బరువు గుడ్డలోనే ఉండేది. అక్కడ బిడ్డ తన్నితే ఇక్కడ నడుముకి తగిలేది. అక్కడ తడిపితే ఇక్కడ గుడ్డ తడిసేది. ఆకలికి గింజుకుంటే తల్లి లేచెళ్ళి పాలిచ్చి వచ్చేది. ఇందులో వింతేముంది అనుకునేవారంతా. బొబ్బిలి నుంచొచ్చిన సూపర్‌వైజర్ వరహాలరావూ అలాగే అనుకునేవాడు. ఆయన బాధల్లా వేరే.

"గంటకోపాలి లేత్తే సరుకెప్పుడవుద్దే? ఆయాని పెట్టింది ఎందుకు మరి?"

"తడిసిన గుడ్డతో కూకోమంతావేటి బాబూ?" అంది పక్కబల్ల రత్నాలు. "నీ లాగు తడిస్తే నువ్వు కూకుంతావా?"

షెడ్డంతా గొల్లున నవ్వింది. వరహాలరావు మాత్రం నవ్వలేదు. ఆ పొద్దున్నే ఓనరు ఫోన్లో తిట్టాడు. పళ్ళన్నీ ఆ రోజే ఏరి తొక్కతీసే మరకి ఎక్కించకపోతే పులిసిపోతాయి. అందుకే గుమ్మం పక్క గోడకి తొమ్మిది మేకులు కొట్టించాడు.

"గుడ్డలన్నీ విప్పీండి. ఇక్కడ తగిలించీండి. పని అయ్యేదాకా ఎవులు లేచినా రేపట్నించి రానక్కర్లేదు. ఓనరు మాట ఇది, నాది కాదు."

ఒక్కొక్కరే విప్పి తగిలించారు. గుడ్డలు ఆనపకాయల్లా కిందికి బరువుగా వేలాడాయి. మేకులు కొంచెం వంగాయి. సోని వీపుకి చలేసినట్టయింది.

చేతులు ఏరుతున్నాయి గాని కళ్ళు గోడమీదే. రత్నాలు గుడ్డ అటూ ఇటూ ఊగింది. రత్నాలు పళ్ళు బిగించుకుని ఏరింది. ఇంకో గుడ్డ తడిసింది. ఎవరూ లేవలేదు.

కాసేపటికి సోని గుడ్డ అంచునుంచి బొట్టు రాలింది. ఇంకోటి రాలింది. తరవాత ధార కట్టింది. ఎర్రటి నీళ్ళు. కాఫీ తొక్కల పుల్లవాసన. అంతలో గుడ్డ తేలికైపోయింది. గాలొస్తే ఆరేసిన తువ్వాలులా ఎగిరింది.

"బాబూ, నా గుంట, నా బిడ్డ!"

"తడిసింది, అంతేగదా. కూకో."

"బరువు లేదు బాబూ!"

"లేత్తే పేరు కొట్టేత్తాను సోనీ. నా సేతుల్లో ఏటీ లేదు."

మంచమ్మీద సుక్రు గుర్తొచ్చాడు. ఇంట్లో ఖాళీ గిన్నెలు గుర్తొచ్చాయి. సోని ఒక్క పండు ఏరింది. అది పచ్చికాయో ఎర్రపండో ఆమెకి కనబడలేదు. గుంట నేలమీద లేదు, ఎవరి ఒళ్ళోనూ లేదు. గుంట బరువు నీళ్ళు మోస్తన్నాయి.

బల్ల తన్నుకుని పరిగెత్తింది.

పిల్లలగది వెనకే, నేలకి సమంగా కట్టిన, పళ్ళు కడిగే తొట్టి. లోపల సోములమ్మ ఎవరిదో గుంటడు కక్కుకుంటే మూతి తుడుస్తోంది. వెనక తలుపు వారగా తెరిచుంది. తొట్టిలో తేలిన తాలుపళ్ళ మధ్య చిన్న గౌను బుడగలా ఉబ్బి కనబడింది. సోని దూకి బిడ్డని లాగింది. తలకిందులు చేసి వీపు చరిచింది. ఒకటి. రెండు. మూడోసారికి బిడ్డ నోట్లోంచి ఒక ఎర్రపండు ఊడిపడింది. వెనకే ఏడుపొచ్చింది.

సోములమ్మ గుమ్మంలో కూలబడిపోయింది. "నాను సూడనేదే అమ్మా, నాను సూడనేదే," అంటా తల కొట్టుకుంది. సోని ఆమెనేమీ అనలేదు. తొమ్మిదిమందికి ఒక్క ముసల్దాన్ని పెట్టినోళ్ళని ఏమనాలో ఆమెకి తెలుసు.

గుడ్డ తెచ్చుకుని వెళ్ళిపోదామని షెడ్డులోకొచ్చింది. వరహాలరావు గోడ దగ్గర మోకాళ్ళమీద ఉన్నాడు. ఆమె పరిగెత్తాక ఆ గుడ్డని పీకి బయట పారేద్దామని చేతిలోకి తీశాడంట. సరిగ్గా అప్పుడే బిడ్డ నీళ్ళలోంచి పైకొచ్చింది. బరువంతా ఒక్కసారి ఆయన చేతుల్లో పడింది. కింద పెట్టడానికి ఆయనకి మనసొప్పలేదు. రెండు చేతులా గుండెకి ఆనించుకుని, చొక్కా అంతా తడుపుకుని అలాగే ఉన్నాడు.

"గుడ్డిచ్చీ బాబూ. నానెల్లిపోతాను."

"ఉస్," అన్నాడు వరహాలరావు. "ఇప్పుడే తొంగుంది. కదపకు. కూకో."

నిజమే. ఏడ్చి ఏడ్చి బిడ్డ సోని భుజమ్మీద నిద్రపోయింది. సోని తన బల్ల దగ్గరే కూకుంది. ఈలోగా మిగతా ఎనిమిదిమందీ లేచి ఎవరి గుడ్డలు వాళ్ళు కట్టుకున్నారు. వరహాలరావు చూశాడు. కట్టుకోనిచ్చాడు.

జేబులో ఫోన్ మోగింది. ఆయన చేతులు ఖాళీ లేవు. రత్నాలే తీసి చెవి దగ్గర పెట్టింది. ఓనరు గొంతు అందరికీ వినబడింది.

"ఎవరైనా లేచారా వరహాలరావూ? పేర్లు చెప్పు."

వరహాలరావు సోని వైపు చూశాడు. గుడ్డని కొంచెం పైకి సర్దుకున్నాడు.

"నానే లేచానండి," అన్నాడు మెల్లిగా. "సేతుల్లో బిడ్డుంది. తరవాత మాటాడతాను."