కత్తిరించిన కార్డు

లిఫ్టులు బాగుచేసే అతన్ని తోటివాళ్లు నకళ్ల మేస్త్రీ అనేవారు. అనక ఏం చేస్తారు? సంచిలో రెండు టెస్టర్లు, రెండు టార్చిలైట్లు. గొడుగు ఇంట్లో ఒకటి, పనిలో ఒకటి. లిఫ్టుని ఒక్క తాడు మోయగలిగినా అయిదారు ఎందుకు వేలాడదీస్తారో తెలిసిన మనిషికి, దేన్నైనా ఒంటిగా వదిలేస్తే కాలూ చెయ్యీ ఆడేది కాదు.

ఇంకో అలవాటు కూడా ఉంది. అరిగిన తాడు దించిన మరుక్షణం కట్టరు తీసి రెండు ముక్కలు చేసేవాడు. లేకపోతే ఎవడో కక్కుర్తి కాంట్రాక్టరు దాన్నే పట్టుకెళ్లి ఇంకో లిఫ్టుకి బిగిస్తాడు, జనం ప్రాణాల మీదికి తెస్తాడు. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆ పని మరిచిపోలేదు. చివరికి అదే కొంప ముంచింది.

మేస్త్రీకి ఉన్నది అక్క ఒక్కతే. యూనిఫారాలు కుట్టే షాపులో ముప్పై ఏళ్లు కాజాలు కుట్టింది. ఆమె డబ్బు దాచుకున్న కంపెనీ ఒకటి ఓ సోమవారం షట్టరు దించి, మళ్లీ ఎత్తలేదు. ఆ దెబ్బతో మేస్త్రీకి మనుషుల మీద నమ్మకం పోయింది. ఎక్కడెక్కడో చదివి, మిగిలినదంతా బిట్‌కాయిన్‌లో పెడదామన్నాడు. నాకేం తెలుసురా, నీకు అర్థమైతే చాలు అని అక్క ఉన్నదంతా చేతిలో పెట్టింది.

కొని ఊరుకోలేదు మనవాడు. బీరువా మీద ఒక నోడ్ కూడా పెట్టాడు. అరచేతంత సర్క్యూట్ బోర్డు, దానికి వేలాడుతూ ఒక డిస్కు, చిన్న ఫ్యాను, వెలిగి ఆరే పచ్చలైటు. అంతే దాని వైభవం. ప్రపంచంలో బిట్‌కాయిన్ ఎవరు ఎవరికి పంపినా అదంతా ఒకే పద్దుపుస్తకంలోకి ఎక్కుతుంది. ఆ పుస్తకం పూర్తి నకలు వేలమంది దగ్గర ఉంటుంది, అందులో ఒకటి ఈ డిస్కులో. పది నిమిషాలకో కొత్త పేజీ వస్తే, దొంగలెక్క ఉందేమోనని ఈ చిన్న బోర్డు ప్రతి పద్దూ సరిచూస్తుంది.

జీతమెంతిస్తారని అక్క అడిగింది. ఏమీ ఇవ్వరన్నాడు.

"మరెందుకురా ఈ వెట్టిచాకిరీ?"

"మన డబ్బుందని ఇంకొకడు చెబితే నమ్మక్కర్లేదక్కా. మన పెట్టె చూసి చెబుతుంది."

అప్పటినుంచీ పొద్దున్నే టీ గ్లాసు అందిస్తూ అక్క "ఉందా?" అనేది. మేస్త్రీ డైరీలో రాసుకున్న తమ బిట్‌కాయిన్ ఖాతా చిరునామా కొట్టి, "ఉంది" అనేవాడు. పాలు వచ్చాయా అని అడిగినట్టే అడిగేది. ఇద్దరికీ అదొక సరదా.

మొన్న చలికాలం బోర్డు మాటిమాటికీ మొరాయించింది. తప్పు దాన్ని నడిపించే మెమరీ కార్డుదని తేలింది. గోరంత ఉండే ఆ కార్డులు రాతకోతలతో అరిగిపోతాయని మేస్త్రీ చదివే ఉన్నాడు. కొత్త కార్డు వేశాడు. పుస్తకమంతా డిస్కులో భద్రంగా ఉంది కాబట్టి నోడ్ మళ్లీ లేచి కూర్చుంది. పాత కార్డు చేతిలో మిగిలింది. చెయ్యి దానంతటది కట్టరు తీసింది. టక్కుమని రెండు ముక్కలు. ఊడ్చి చెత్తబుట్టలో వేసి, హాయిగా టీ తాగాడు.

ఏడు నెలలు గడిచాయి. అక్కకి ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఇప్పుడు రెండో కంట్లో ఒక మూల నల్లటి తెర దిగింది. లోపలి పొర ఊడి వస్తోందని, వారంలోపు ఆపరేషన్ చేయకపోతే ఆ కన్నూ దక్కదని కళ్ల డాక్టరు చెప్పింది. అక్క భయపడలేదు. డబ్బుందండీ, మా తమ్ముడు రోజూ చూస్తాడు అంది.

ఆదివారం పొద్దున మేస్త్రీ ధీమాగా బోర్డు ముందు కూర్చున్నాడు. చిరునామా కొట్టాడు. ఉంది, కొన్నప్పటికన్నా విలువ పెరిగి మరీ ఉంది. కొనేవాడికి పంపడానికి వాలెట్ తెరవబోతే, అసలు వాలెట్టే లేదంది. చూడ్డానికి చిరునామా చాలు. పంపడానికి మాత్రం వాలెట్ ఫైలులో ఉండే రహస్య సంఖ్య కావాలి.

డిస్కంతా గాలించాడు. తర్వాత గుర్తొచ్చింది. మొట్టమొదట, డిస్కు ఇంకా కొననప్పుడు, వాలెట్‌ని ఆ చిన్న కార్డులోనే చేశాడు. డిస్కు వచ్చాక పుస్తకాన్ని దాంట్లోకి మార్చాడు. వాలెట్‌ని మార్చలేదు.

నకళ్లు తీయలేదా అంటే తీశాడు. పాస్‌వర్డు మూడు కాగితాల మీద రాసి, అక్క ట్రంకుపెట్టెలో ఒకటి, పనిసంచిలో ఒకటి, ఆఫీసు లాకర్లో ఒకటి దాచాడు. ఆ పాస్‌వర్డు తెరిచేది ఆ ఒక్క ఫైలునే. తాళంచెవులు మూడున్నాయి, పెట్టె లేదు. ప్రపంచంలో వేలచోట్ల ఉన్న పుస్తకానికి రాత్రింబవళ్లు కాపలా కాశాడు. ఎక్కడా రెండోది లేని వస్తువుని చేతులారా కత్తిరించాడు. నకళ్ల మేస్త్రీ అట, నకళ్ల మేస్త్రీ!

నోడ్లు నడిపేవాళ్లందర్నీ అడిగాడు. కార్డు ముక్కలైనా ఉన్నాయా అన్నారు. అవి చెత్తబండి ఎక్కి ఏడు నెలలైంది. తను పనిచేసే లిఫ్టు కంపెనీని అడిగితే ఇచ్చిన అడ్వాన్సు పరీక్షలకే సరిపోయింది. చేబదులు అడిగిన ప్రతివాడూ రెండు రోజులాగమన్నాడు. ఆగడానికి కన్ను ఒప్పుకోదు.

ఈలోగా అక్క రోజూ "ఉందా?" అని అడుగుతూనే ఉంది. మేస్త్రీ "ఉంది" అంటూనే ఉన్నాడు. అబద్ధం కాదు. అదే అతన్ని లోపల కోసింది. ఆరోరోజు పొద్దున ఆ మాట అనలేదు. నేలమీద కూర్చుని మొత్తం చెప్పేశాడు.

అక్క చేతిలోని టీ గ్లాసు కింద పెట్టింది. తర్వాత అడిగింది.

"ఎవరైనా తీసుకున్నారా?"

"లేదక్కా. ఎవరూ తీసుకోలేరు. మనం కూడా."

అక్క ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని మేస్త్రీ కుమిలిపోయాడు. పదోరోజుకి ఆ కన్ను కూడా పోయింది.

నెల తర్వాత, ఆ పెట్టెని చూడలేక ప్లగ్గు పీకాడు. ఫ్యాను చప్పుడు తగ్గగానే అక్క తల తిప్పింది.

"దాన్ని తీయకు."

"ఇంకెందుకక్కా అది?"

"నా ముప్పై ఏళ్లూ అందులో ఉన్నాయిగా. ఉన్నాయో లేదో రోజూ తెలియాలి నాకు. నువ్వు చెప్పొద్దు. నీ మాట నేను నమ్మను. దానిచేతే చెప్పించు."

మేస్త్రీ ప్లగ్గు మళ్లీ పెట్టాడు. మర్నాడు ఒక పాత లిఫ్టులోంచి అంతస్తులు చెప్పే స్పీకరు ఊడదీశాడు. చెయ్యి కట్టరు మీదికి పోయింది. ఆపుకున్నాడు. స్పీకరు ఇంటికి తెచ్చి బోర్డుకి తగిలించాడు.

ఇప్పుడు పొద్దున్నే టీ వేళకి బీరువా మీదనుంచి ఒక ఆడగొంతు "ఉంది" అంటుంది. అక్క తల ఊపుతుంది. తర్వాత టీ గ్లాసు కోసం బల్ల తడుముకుంటుంది. తమ్ముడు దాన్ని నెమ్మదిగా ఆమె చేతికి దగ్గరగా జరుపుతాడు.