పొంగని పాలు

“పోపు బాల్కనీలో పెట్టుకోమంటే అంత ఏడుపెందుకు నీకు?”

“ఏడుపు కాదు, గాలి. మూడుసార్లు ముట్టించినా, మూడుసార్లూ ఆరిపాయ. చారు చల్లారిపోతా ఉండాది.”

“లోపల పెడితే కప్‌బోర్డులకు జిడ్డు పడతాది వరూధినీ. కొత్తవి!”

ఈ వాదన కొత్తింట్లోకి వచ్చిన నాటినుంచీ, అంటే నలభై రోజులుగా సాగుతోంది.

అంతకుముందు పంతొమ్మిదేళ్లు వాళ్లు కాటన్‌పేటలో నంజమ్మగారి మేడ మీద అద్దెకున్నారు. అక్కడ వరూధిని కావలసినన్ని అప్పడాలు వేయించింది, తోచినచోటల్లా మేకులు కొట్టింది. ఆమె మొగుడు బసవరాజు మాత్రం చిక్కపేటలో తన చీరల కొట్టుకు వచ్చినవాళ్లందరితో, “ఎన్నేండ్లున్నా పరాయి కొంపేనప్పా. సొంతిల్లయితే మన ఇష్టం” అనేవాడు. చివరికి ఊరి చివర ఏడో అంతస్తులో ఇల్లు కొన్నాడు. ఇష్టం మాత్రం ఇంటిదే అయి కూర్చుంది.

గృహప్రవేశం నాడే ఆ సంగతి తెలిసిపోయింది. పాలు సరిగ్గా పొంగబోయే క్షణాన బసవరాజు చటుక్కున స్టవ్వు కట్టేశాడు.

“గాజు స్టవ్వు స్వామీ, మరకైతే పోదు.”

పురోహితుడు నోరు తెరిచాడు. “పాలు పొంగకుండా కాపలా కాసిన యజమానిని ఇదే చూడ్డం నాయనా!” అని, శాంతి కోసం రెండు పాలచుక్కలు నేల మీద చిలకరించబోయాడు. బసవరాజు గబగబా పేపరు పరిచాడు.

ఆ తర్వాత సోఫాకున్న ప్లాస్టిక్ తొడుగు తీయలేదు. తండ్రి కదిరప్ప తలకు ఆముదం రాసుకుంటాడు కనక, గోడకు ఆనుకోకుండా ఆయన కుర్చీని హాలు నడిమధ్యకు లాగారు. ఆయన అక్కడ రాని బస్సు కోసం కాచుకున్నవాడిలా కూర్చుంటాడు.

“ఇది ఇల్లా, మ్యూజియమా?” అని గొణిగాడొకనాడు.

“మ్యూజియంలో బెంచీ అయినా గోడవారనే ఉంటుంది తాతా” అంది మనవరాలు సహన.

ఈ ఆదివారం నాలుగోసారి కూడా బాల్కనీలోని చిన్న స్టవ్వు ఆరిపోయేసరికి, వరూధిని పోపుగరిటె పట్టుకుని ఎదురింటి తలుపు కొట్టింది. అక్కడ స్టాన్లీ, సమీనా అద్దెకుంటున్నారు.

“రండి ఆంటీ, చేపలు వేయిస్తున్నా, ఆ పక్క పొయ్యి ఖాళీయే” అంది సమీనా.

అదే వంటిల్లు, అవే కప్‌బోర్డులు. కాకపోతే వాటి మీద పసుపు వేలిముద్రలున్నాయి. హాల్లో స్టాన్లీ స్టూలెక్కి గోడకు డ్రిల్లింగ్ మెషిన్ పెడుతున్నాడు.

“మీ ఓనరు ఏమీ అనడా అమ్మాయీ?”

“అంటాడు ఆంటీ! అడ్వాన్సులో కోసుకుంటాడు కూడా. అదప్పుడు చూసుకుందాం. ఉన్నన్నాళ్లు ఉండాలి కదా.”

ఆవాలు చిటపటలాడాయి. ఎండుమిరప ఘాటుకు స్టాన్లీ స్టూలు మీదే తుమ్మాడు, సమీనా తుమ్మింది, వరూధిని అయితే కొంగు అడ్డం పెట్టుకుని వరసగా ఐదుసార్లు తుమ్మింది. నలభై రోజుల తర్వాత ఏదో ఒక ఇంట్లో వంట చేసినట్టనిపించింది ఆమెకు.

బయట కారిడార్లోకి వచ్చి నంజమ్మకు ఫోను చేసింది.

“మేడ ఖాళీగానే ఉండాదమ్మా” అంది నంజమ్మ. “ఎవురెవురో వచ్చి చూసిపోయిరి. నాకే మనసొప్పలా. మీ సద్దు లేక ఇల్లు బిక్కుబిక్కుమంటా ఉండాది తల్లీ.”

మధ్యాహ్నం నలుగురూ నేల మీద పేపర్లు పరుచుకుని అన్నానికి కూర్చున్నారు. డైనింగ్ టేబులుకు గీతలు పడతాయని దాన్నింకా వాడకంలోకి తేలేదు. వరూధిని మామగారికి చారు పోసింది, కూతురికి పోసింది, మొగుడికీ పోసింది.

“ఒకటో తారీకు కాటన్‌పేటకు పోతా ఉండాం” అంది, గొంతు పెంచకుండా. “నంజమ్మకు మాటిచ్చినా.”

కదిరప్ప తలెత్తాడు. సహన నమలడం ఆపింది. బసవరాజు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“మరి ఈ ఇల్లు?”

“అద్దెకిద్దాం” అంది వరూధిని, తన కంచంలో అన్నం పెట్టుకుంటూ. “ఎవరన్నా వచ్చి కాపురం చేసుకుంటారు.”