ఒడిలో ఉన్నవాళ్లు లెక్కలోకి రారు

"ఎనిమిది మందే, ఇంకెవ్వర్నీ ఎక్కియ్య" అంటూనే మట్టయ్య పెద్ద అంబర్‌పేట్ దగ్గర తన ఆటోలో తొమ్మిదో మనిషికి చోటు చేశాడు.

"ఏంది మట్టన్నా, ఎనిమిది తర్వాత అంకెలు రావా నీకు?" అంది వెనక సీట్లోని రాములమ్మ. "పిల్లలతోని కలిపి పన్నెండు మందిమున్నం."

"ఒడిల ఉన్నోళ్లు లెక్కల రారు. వాళ్ల బరువు అమ్మల మీదనే, నా ఆటో మీద గాదు."

అందరూ నవ్వారు. సంధ్యారాణి నవ్వలేదు. ఒడిలోని కూతురు జ్యోతిక నుదురు మళ్లీ తాకి చూసింది. నిన్నటి జ్వరం లేదు. అయినా ఇంకోసారి తాకింది. రెండో చేతిలో కెమిస్ట్రీ గైడు.

ఇంటర్ మొదటి ఏడాదిలోనే పెళ్లయి చదువు ఆగిపోయింది. ఇప్పుడు ఓపెన్ ఇంటర్. కెమిస్ట్రీ ఒకసారి తప్పింది. ఈసారి గట్టెక్కితేనే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు, ఇదే ఆఖరుసారి అని భర్త రాజు చెప్పేశాడు. ఇవాళ దిల్‌సుఖ్‌నగర్‌లో వైవా.

ఒక ప్రశ్నకు మాత్రం జవాబు నోటికొచ్చు గానీ గొంతు దిగడం లేదు. పరమాణువు బయటి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లే ఉండాలట. గంధకం మాత్రం ఆరు ఫ్లోరిన్లను పట్టుకుని, బంధానికి రెండు చొప్పున పన్నెండుతో నిలబడుతుందట. ఎట్లా అంటే, దానికి ఖాళీ డి-ఆర్బిటాళ్లు ఉన్నాయి అంటుంది గైడు. పైఅంతస్తులో గది ఖాళీగా ఉందన్నట్టు! ఉంటే ఉండనీ, అంత ఎత్తు మెట్లెక్కి అక్కడికి ఎవరు పోతారు? ఆ మాట వైవా తీసుకునే మేడం తిరగేసి అడిగితే తన పని అయిపోయినట్టే.

వైవా గదిలో అనుకున్నట్టే అయింది.

"ఎస్ఎఫ్ సిక్స్ చెప్పమ్మా. గంధకం ఎనిమిది ఎలా దాటింది?" అడిగింది సూర్యప్రభ మేడం.

"దానికి ఖాళీ డి-ఆర్బిటాళ్లు..." సంధ్యారాణి ఆగిపోయింది.

"ఏం, మర్చిపోయావా?"

"లేదు మేడం. నమ్మబుద్ధయితలేదు."

మేడం పెన్ను కింద పెట్టింది. "అయితే ఆ పన్నెండూ ఎక్కడున్నాయంటావ్?"

సరిగ్గా అప్పుడే, పక్కన ఇక నిలబడలేక జ్యోతిక ఒడిలోకి ఎక్కింది. సంధ్యారాణి పిల్లవైపు చూసింది.

"ఫ్లోరిన్ ఒడిల, మేడం."

"ఏవిటీ?"

"ఫ్లోరిన్‌కు గుంజుకునే గుణం ఎక్కువ గద. ఎలక్ట్రాన్లు ఇద్దరి నడుమ ఉన్నయని మనం రాస్తం గని, అది తన దిక్కే గుంజుకుంటది. లెక్కకు పన్నెండే, కానీ గంధకం మీద అంత బరువు పడదు. మా ఆటోల..." అని నాలుక కరుచుకుంది.

మేడం నవ్వలేదు. "మరి నైట్రోజన్ కూడా అలాగే ఐదు ఫ్లోరిన్లని పట్టుకోవచ్చుగా? ఎందుకు పట్టుకోదూ?"

సంధ్యారాణి మళ్లీ పొద్దుటి ఆటోనే తలుచుకుంది. పిల్లలు లెక్కలోకి రారు, సరే. మరి అమ్మలో?

"పిల్లలు ఒడిల ఉన్నా, అమ్మలు కూసునేతందుకు జాగ గావాలె గద మేడం! నైట్రోజన్ చిన్న ఆటో. గంధకం పెద్దది."

ఇప్పుడు నవ్వింది మేడం, కళ్లజోడు తీసి మరీ. "డి-ఆర్బిటాళ్ల కథ పాతబడిందమ్మా. వాటి పాత్ర చాలా తక్కువని తర్వాత తేల్చారు. నువ్వు చెప్పిందే దగ్గర. కానీ థియరీ పేపర్లో మాత్రం గైడులో ఉన్నదే రాయి తల్లీ. దిద్దేవాళ్లు మీ ఆటో ఎక్కి ఉండరు. వైవా గట్టెక్కావులే, పాపకి మంచినీళ్లు పట్టు."

గుమ్మం దాటబోతుంటే మళ్లీ పిలిచింది. "జినాన్ వాయువుకి ఎనిమిదీ నిండే ఉంటాయి, దానికి ఎవరూ అక్కర్లేదు. అదీ ఫ్లోరిన్‌తో కలుస్తుంది. ఎందుకో ఆలోచించు."

ఎల్బీ నగర్‌లో మెట్రో దిగేదాకా అదే ఆలోచన. మట్టయ్య ఆటో అప్పటికే నిండి ఉంది. అయినా సంధ్యారాణి కడ్డీ పట్టి ఎక్కబోతుంటే, జరగమని అందరినీ కసిరి తల్లీబిడ్డలను ఎక్కించుకున్నాడు.

"తాతా, సీట్లన్నీ నిండినంక గూడ ఎందుకు ఎక్కించుకుంటవ్?"

"నేనెక్కడ ఎక్కించుకున్న బిడ్డా? మీరే కడ్డీ పట్టి గట్టిగ గుంజి ఎక్కుతిరి!"

సంధ్యారాణి గబగబా గైడు తెరిచి, జినాన్ పక్కన 'గుంజేది ఫ్లోరినే' అని రాసుకుందామని పెన్ను కోసం సంచీలో వెతికింది.