పదకొండు గులాబీ ముక్కలు

మా ఇంట్లో రెండు పిల్లికూనలున్నాయి. రెండూ బూడిద రంగే, ఒక్క కాన్పువే. వాటిలో ఒకటి తిండి మానేసి మూలన ముడుచుకుంటే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మెడమీద నుంచి రెండు పిడుదులు పీకి, రక్తం మైక్రోస్కోపులో చూసి, పిడుదు కాటువల్ల బాక్టీరియా రక్తంలో చేరిందన్నాడు.

"మందు మానకండి. చిగుళ్ళు చూస్తుండండమ్మా, గులాబీ రంగులో ఉండాలి. తెల్లబడితే వెంటనే తీసుకురండి."

ఏ గులాబీ? నేను బట్టలు కుట్టేదాన్ని, నా దగ్గరే పదకొండు రకాల గులాబీ రంగు గుడ్డలున్నాయి. బాగున్న కూన చిగురు పక్కన పెట్టి చూసి, సరిపోయిన గుడ్డముక్కను దాచుకున్నాను. గుర్తు కోసం జబ్బు కూన మెడకు ఎర్రదారం కట్టాను.

మూడో రోజుకు నాకేమీ అర్థం కాలేదు. దారమున్నది కర్టెన్లెక్కుతోంది. దారం లేనిది మిషను కింద పడి లేవడం లేదు. రోగం దీన్నుంచి దానికి పాకిందా? రేపు మా అమ్మాయికో? అమ్మాయి నుదురు ముట్టుకున్నాను. వెచ్చగా ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది.

"ఒళ్ళు నొప్పులున్నాయా?"

"లేవమ్మా. పొద్దుట్నుంచి నాలుగోసారి అడిగావు."

మా ఆయన నవ్వాడు. "నీ చిగుళ్ళు కూడా చూపించవే, మీ అమ్మ గుడ్డముక్క పెట్టి చూసుకుంటుంది."

నేను మిషను కిందున్నదాన్ని ఎత్తి పెదవి తెరిచాను. చిగుళ్ళు లైనింగు గుడ్డలా తెల్లగా ఉన్నాయి. మెడ తడిమితే పిడుదు పీకిన చోటి పొక్కు వేలికి తగిలింది.

"దారం దీనికి కదా కట్టాను?"

అమ్మాయి తల వంచుకుంది. "పుండుకు ఒరుసుకుంటోందని విప్పేశా. రెండోది దాంతో ఆడుతుంటే ముద్దొచ్చి కట్టా. మొన్న."

మొన్నటి నుంచి నేను మందు పోస్తున్నది బాగున్నదానికి.

రెండింటినీ బుట్టలో వేసుకుని పరుగెత్తాను. డాక్టరు రెండింటి రక్తమూ చూశాడు. "రెండోదానికీ ఉందమ్మా, కాస్త తక్కువగా. దానికి పోసిన మందు వృథా కాలేదు. ఇది మాత్రం సాయంత్రందాకా ఇక్కడే ఉండాలి."

"బతుకుతుందా?"

"సాయంత్రం చెబుతాను."

గుడ్డముక్క చూపించాను. "ఇంతకంటే ముదురుగా ఉండాలమ్మా," అన్నాడు. అంటే మొదటి రోజునుంచీ నేను కొలుచుకున్నది రోగపు రంగుతోనా?

సాయంత్రం పదకొండు ముక్కలూ పట్టుకెళ్ళాను. కూన తల ఎత్తి నా వేలు నాకింది. చిగురు పక్కన ఒక్కొక్కటే పెట్టి చూశాను. అన్నిట్లోకీ లేతది సరిపోయింది. పొద్దున అదీ సరిపోయేది కాదు.