షెడ్డులో చలి, రోడ్డు మీద సెగ

ఆ వీధిలో ఆమెను అందరూ అమ్మోగారు అంటారు. పేరు లేక కాదు. ఏ మాట మొదలుపెట్టాలన్నా ముందు "అమ్మో" అంటే గానీ ఆమెకు గొంతు పెగలదు. పాలు పొంగితే అమ్మో, పొంగకపోతే అమ్మో. ఫోను మోగితే ఎవరికేం ముంచుకొచ్చిందోనని, మోగకపోతే ఆ సంగతి చెప్పడానికైనా ఎవరూ మిగల్లేదేమోనని. అలాంటి మనిషికి దేవుడు ఇద్దరు పిల్లల్నిచ్చి, అది చాలదన్నట్టు కొడుకు చేత ఒక పాత కారు కూడా కొనిపించాడు.

కారు షికార్ల కోసం కొన్నది కాదు, చిట్టి కోసం. చిట్టి ఆమె కూతురు, ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. కేకు చేయడం ఒకెత్తు, దాన్ని చెక్కు చెదరకుండా అడిగినవాళ్ళ ఇంటికి చేర్చడం ఒకెత్తు. చలికాలమంతా బాగానే నడిచింది. ఎండలు ముదిరాక కారులో ఏసీ నీరసించిపోయింది. పటపటా కొట్టాల్సిన గాలి, ముసలాయన వేడి కాఫీని ఊదుకుంటున్నట్టు ఉఫ్ ఉఫ్ మని వస్తోంది. ఎవరో పుట్టినరోజుకి చిట్టి ఒక క్రీము బాతును చేసి పంపింది. ఇంట్లో బయల్దేరినప్పుడు అది మెడ నిక్కించి దర్జాగా ఉంది. అక్కడ పెట్టె విప్పేసరికి ముక్కు పొట్టలో దూరిపోయింది.

"ఇది బాతేనా, దారిలో దీని మీద ఎవరైనా కూర్చున్నారా?" అందట ఆ ఇంటావిడ.

చిట్టి బాతును వెనక్కి తెచ్చుకుంది. ఇంట్లో దాన్ని ఎవరూ ముట్టలేదు. అందరికంటే ఎక్కువ భయపడింది అమ్మోగారే. ఎందుకంటే వచ్చే శనివారం మధ్యాహ్నం ఊళ్ళోకెల్లా పెద్ద హోటల్‌కి మూడంతస్తుల కేకు వెళ్ళాలి. అది నచ్చితే వారం వారం వాళ్ళ కేకులన్నీ చిట్టే చేయాలి. చెడితే, ఈ పని ఇక మానేసి ఏదైనా కొట్టులో లెక్కలు రాసుకుంటానని చిట్టి తేల్చి చెప్పేసింది. అమ్మోగారు ఆ "చెడితే" దగ్గరే ఆగిపోయింది. ఆ మాట ముందున్న "నచ్చితే" ఆమె చెవిన పడనే లేదు.

కొడుకు పెద్దోడు కారును మెకానిక్ బాబాయ్ షెడ్డుకి తోలుకెళ్ళాడు. అమ్మోగారూ వెంట వెళ్ళింది. కొడుకు ఒంటరిగా షెడ్డుకి వెళ్తే జాకీ జారి కారు మీద పడదని నమ్మకమేమిటి?

బాబాయ్ ఎవరికీ సొంత బాబాయ్ కాదు. లావుపాటి మనిషి, ఒళ్ళంతా గ్రీజు, తన పని మీద మాట పడనివ్వని రోషం. పిల్లలకు బాబాయ్ కాబట్టి అమ్మోగారిని వదినా అంటాడు. ఆమె కూడా మరిదిగారూ అనే అంటుంది.

"గాలి తక్కువా, చల్లదనం తక్కువా?" అని అడిగాడు బాబాయ్.

"రెండూ ఒకటేగా బాబాయ్."

"ఎలా ఒకటవుతాయిరా? ఆకలి లేదన్నవాడికీ అన్నం లేదన్నవాడికీ ఒకే మందు పోస్తామా?"

అంటూనే డాష్‌బోర్డు కింది అర ఊడదీసి, దాని వెనక నుంచి ఒక చదరపు ఫిల్టరు లాగాడు. అది ఒకప్పుడు తెల్లగా ఉండేదట. ఇప్పుడు దాంట్లో ఎండుటాకులు, పిట్ట ఈకలు, చాక్లెట్ కాగితం, ఇంత మందాన దుమ్ము.

"అమ్మో! ఇదంతా మా పిల్లల ఊపిరితిత్తుల్లో ఉందా మరిదిగారూ?"

"ఇది పట్టుకుంది కాబట్టే అక్కడ లేదు వదినా. ఇక్కడుంది."

ఆమెకు సగమే నమ్మకం కుదిరింది. మిగతా సగం కోసం పెద్దోణ్ణి అక్కడికక్కడే గట్టిగా దగ్గమంది.

బాబాయ్ కొత్త ఫిల్టరు వేశాడు. ముందువైపు రేడియేటరుకి ఆనుకుని ఉండే సన్నటి రేకుల జల్లెడ మట్టితో పూడుకుపోయి ఉంటే, రేకులు వంగకుండా నీళ్ళతో మెల్లగా కడిగాడు. లోపలి వేడిని బయటికి వదిలేది అదేనట. దాని వెనక ఫ్యాను తిరుగుతోందో లేదో చూశాడు. గొట్టాలకు మీటర్లు తగిలించి గ్యాసు సరిపడా ఉందన్నాడు. చివరికి గాలి వచ్చే జాలీలో ఒక సన్నటి థర్మామీటరు గుచ్చి, అద్దాలెత్తి, వీధి చివరిదాకా ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. ముల్లు ఎనిమిది డిగ్రీలకి దిగింది. పక్కన కూర్చున్న పెద్దోడి పళ్ళు టకటకలాడాయి.

"ఇక చూసుకోండి. ఈ బండిలో పెంగ్విన్‌ని ఎక్కించినా దుప్పటి అడుగుతుంది," అన్నాడు బాబాయ్.

మర్నాడు చిట్టి ఒక చిన్న కేకుతో బయల్దేరింది. ముగ్గురూ కారెక్కారు. సగం దారిలో చిట్టి మెడ వెనక చెమట పట్టింది. మళ్ళీ అదే సెగ.

పెద్దోడు కారును షెడ్డుకి తిప్పాడు. బాబాయ్ ఎక్కి తిప్పాడు. మంచు! పెద్దోడు తల్లినీ చెల్లెల్నీ ఎక్కించుకుని ఇంటికెళ్ళాడు. పొయ్యి! మూడోసారి వెళ్ళేసరికి బాబాయ్‌కి రోషం పొడుచుకొచ్చింది.

"నా దగ్గర చల్లగా, మీ దగ్గర వేడిగా ఉండడానికి ఇదేమన్నా కొత్త కోడలా? నా చేతి మీద ఇంతవరకూ మచ్చ లేదురా!"

"మచ్చ సంగతి తర్వాత బాబాయ్, శనివారం సంగతి చూడు."

సబ్బునీళ్ళు తెచ్చి గొట్టాల అతుకులన్నిటికీ రాశాడు బాబాయ్. గ్యాసు కారుతుంటే బుడగలు రావాలి. ఒక్క బుడగా రాలేదు. అతను తల పట్టుకుని టైరు మీద కూర్చున్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక పాపం మెకానిక్ ఏం పట్టగలడు?

ఎందుకంటే దొంగ వెనక సీట్లో కూర్చుని, "మా కారుకి దిష్టి తగిలిందేమో మరిదిగారూ" అంటోంది.

కారు ఎక్కేముందు అమ్మోగారికి కొన్ని జాగ్రత్తలున్నాయి. టైర్లను కాలితో తన్ని చూస్తుంది. సీటు కింద పామేమైనా ఉందేమోనని తొంగి చూస్తుంది. తర్వాత ముందుకి వంగి, ఏసీ బొత్తాల పక్కనున్న చిన్న మీటను కుడివైపుకి తోస్తుంది. ఆ మీటకు ఎడమ పక్కన ఒక కారు బొమ్మ, దాని లోపల గుండ్రంగా తిరిగే బాణం గీసి ఉన్నాయి. ఉన్న గాలే లోపల తిరిగి తిరిగి, ఒకరు వదిలింది ఇంకొకరు పీల్చి, ఆఖరికి అందరూ కళ్ళు తేలేయడమే దాని అర్థమని ఆమెకు బొమ్మ చూడగానే తెలిసిపోయింది. కుడి పక్క బొమ్మలో బాణం బయటి నుంచి వస్తుంది. అదే మంచిది. ఇక తన పక్కనున్న అద్దం పిడి తిప్పి రెండు వేళ్ళ సందు వదులుతుంది. ఎండ పడకుండా అక్కడో తువ్వాలు వేలాడదీస్తుంది. దిగేటప్పుడు దొంగల భయంతో తువ్వాలు తీసేసి అద్దం మళ్ళీ ఎత్తేస్తుంది.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. పడుకునే ముందు గ్యాసు కట్టేశానని రోజూ ఎవరికైనా చెబుతామా? మూసిన కారులో ఏసీ వేసుకుని నిద్రపోయినవాళ్ళు మళ్ళీ లేవలేదని పక్కింటావిడ చెప్పిన రోజు నుంచి, ఇంటిల్లిపాదీ ఇంకా బతికున్నారంటే అది ఆ రెండు వేళ్ళ సందు పుణ్యమేనని ఆమె గట్టి నమ్మకం.

శనివారం వచ్చింది. తారు రోడ్డు మెత్తబడేంత ఎండ. బాబాయ్ పొద్దున్నే షెడ్డు మూసి, థర్మామీటరు జేబులో పెట్టుకుని వచ్చేశాడు. "ఇవాళ ఆ వేడి ఎక్కడి నుంచి వస్తోందో నా కళ్ళతో చూడాలి. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు," అన్నాడు.

వెనక సీటు ఒక పక్క మడిచి డిక్కీ దాకా బల్లలా చేసి, దాని మీద కేకు పెట్టెను నిలబెట్టారు. ముందువైపు ప్లాస్టిక్ కిటికీ ఉన్న ఎత్తైన అట్టపెట్టె. లోపల మూడంతస్తుల తెల్లటి కేకు, నెత్తిన ఒక క్రీము గులాబీ. దాని పక్కన చిట్టి, ఆ పక్క అద్దం దగ్గర అమ్మోగారు. ముందర పెద్దోడు, బాబాయ్.

బయల్దేరగానే థర్మామీటరు ఇరవై దగ్గర మొరాయించింది. బాబాయ్ జాలీలన్నీ తడిమి చూశాడు. కొంతసేపటికి అతని కన్ను మీట మీద పడింది.

"ఇదెవర్రా ఇటు తోసింది? బయటి నిప్పులన్నీ లోపలికి లాగి చల్లార్చమంటే అదెక్కడ చల్లారుస్తుంది?" మీటను ఎడమకు తోశాడు. "నేను స్టీరింగు ముందు కూర్చోగానే చెయ్యి దానంతటదే దీన్ని తోసేస్తుంది. అందుకే నాకు తెలియలేదు. హమ్మయ్య!"

ముల్లు దిగడం మొదలైంది. అమ్మోగారి గుండె జారడమూ మొదలైంది. మీట కాస్తా పోయింది, ఇక తన వాళ్ళ ప్రాణాలు రెండు వేళ్ళ సందులోనే ఉన్నాయి. ఆమె చప్పుడు కాకుండా పిడి తిప్పింది. రెండు వేళ్ళు నాలుగయ్యాయి. పక్కన సామాన్ల లారీ వచ్చి పొగ వదిలేసరికి అరచెయ్యి అయింది.

పదిహేనుకి దిగిన ముల్లు మళ్ళీ పైకి పాకింది.

"ఇదేం మాయరా!" బాబాయ్ నెత్తి కొట్టుకుంటుండగా కారు వంతెన ఎక్కింది. గాలి విసురుకి తువ్వాలు తెరచాపలా పొంగి, లేచి, వెనక నుంచి అతని మెడకు చుట్టుకుంది.

"ఎవరది!" అని కేకపెట్టి వెనక్కి తిరిగాడు. అరచెయ్యంత తెరిచిన అద్దం. దాని పిడి మీద అమ్మోగారి చెయ్యి.

"అమ్మా! నువ్వా!" అన్నాడు పెద్దోడు.

"నేనేం చేశానురా! అద్దం నేనొక్కదాన్నే తెరుస్తానా లోకంలో?"

"రోజూ తెరుస్తున్నావా?"

"ఊపిరాడొద్దూ? మూసిన కారులో పడుకున్నవాళ్ళు పోయారట కదా! మరిదిగారూ, మీరే చెప్పండి, పోయారా లేదా?"

"అది బండిని గరాజులో పెట్టి, తలుపు మూసి, ఇంజను ఆడుతుండగా పడుకుంటే వదినా. రోడ్డు మీద పోయే బండిలో కాదు."

"చూశావా, ఉందన్నమాట! నేను ఊరికే అంటానా?"

"ముందు చౌరస్తాలో నిన్ను దింపి టాక్సీ ఎక్కిస్తా," అన్నాడు పెద్దోడు పళ్ళు నూరుతూ.

"దింపు నాయనా! మీరు ముగ్గురూ ఊపిరాడక పడుంటే టాక్సీలో వెనక వచ్చి ఏడవడానికి నేనొక్కదాన్నైనా మిగులుతాను!"

ఇంత గొడవలోనూ చిట్టి కేకు వైపే తిరిగి ఉంది. ప్లాస్టిక్ కిటికీకి ముఖం ఆనించి లోపలికి చూస్తోంది. అమ్మోగారు అటు చూసింది. గులాబీ ఒక పక్కకు ఒరిగి, దాని కింద క్రీము మీద తడి మెరుస్తోంది. పైఅంతస్తు అంచు మెత్తబడి కిందికి వాలుతోంది.

"చిట్టీ, ఏదన్నా అనవే. తిట్టవే."

"ఏమననమ్మా? ఇంకో పావుగంట ఇలాగే ఉంటే కూలిపోతుంది. అంతే."

తిట్టినా బాగుండేది. చిన్నప్పుడు జ్వరమొస్తే కూడా చిట్టి ఇలాగే ఏమీ అడగకుండా గోడకు తిరిగి పడుకునేది. అమ్మోగారు అద్దం వంక చూసింది, కేకు వంక చూసింది. మనసులో ఒకపక్క నలుగురి శవాలు, ఇంకోపక్క కొట్టులో లెక్కలు రాసుకుంటున్న కూతురు. రెండూ భయాలే. కానీ ఒకటి కళ్ళ ముందే కరుగుతోంది.

"అమ్మో" అని గట్టిగా ఊపిరి పీల్చుకుని, పెదవులు బిగబట్టి, పిడి తిప్పింది. అద్దం చివరంటా మూసుకుంది.

కారులో ఒక్కసారిగా చప్పుడు తగ్గింది. ముల్లు దిగింది. చల్లటి గాలి మెల్లగా వెనక సీటు దాకా వచ్చింది. అమ్మోగారు మాత్రం ఊపిరి బిగబట్టే ఉంది. ఉన్న గాలి పిల్లలకు మిగలాలి కదా. ముఖం ఎర్రబడ్డాక, ఇక ఆగలేక, "పెద్దోడా! మాట్లాడు!" అని అరిచింది.

"ఏం మాట్లాడనే?"

"ఏదో ఒకటి. నోరు ఆడుతుంటే బతికున్నావని తెలుస్తుంది. మరిదిగారూ, మీరూ! ఎక్కాలు చెప్పండి!"

"నేనా? ఎక్కాలా?"

"చెప్పు బాబాయ్, లేకపోతే అద్దం దించేస్తుంది," అంది చిట్టి.

బాబాయ్ చేతులు కట్టుకుని పదమూడో ఎక్కం అందుకున్నాడు. పదమూడు ఆరులు డెబ్బై ఎనిమిది దాకా బాగానే సాగింది. పదమూడు ఏడులు దగ్గర ఆగిపోయాడు.

"అమ్మో! మాట పడిపోయింది! పెద్దోడా, బండి ఆపరా!"

"మాట పడిపోలేదు వదినా. ఎక్కం రాదు."

చిట్టి ఫక్కున నవ్వింది. బాతు వాలిపోయాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. అమ్మోగారు ఆ నవ్వును కూడా ఊపిరి కింద జమకట్టుకుంది. హోటల్ గేటు వచ్చేదాకా బాబాయ్ మళ్ళీ ఒకటో ఎక్కం నుంచి మొదలుపెట్టి చెబుతూనే ఉన్నాడు.

హోటల్ వెనక గుమ్మం దగ్గర చిట్టి పెట్టె విప్పింది. పైఅంతస్తు అంచు మళ్ళీ బిగుసుకుంది. గులాబీ మాత్రం ఒరిగే ఉంది. చిట్టి సంచిలోంచి క్రీము గొట్టం తీసి, రెండు ఆకులు వేసి, అది మొదటి నుంచీ అలా వాలి చూడాల్సిన పువ్వే అన్నట్టు సర్దేసింది. హోటల్ వంటింటి పెద్దావిడ బయటికొచ్చి కేకు చుట్టూ ఒకసారి తిరిగింది. ముఖంలో ఏమీ తెలియనివ్వలేదు.

"లోపల పెట్టి, ఒక ముక్క రుచి చూసి చెబుతాను. నువ్వూ రా అమ్మాయ్," అంటూ గోడలో ఉన్న ఒక లావుపాటి ఇనుప తలుపు లాగింది. లోపలి నుంచి తెల్లటి పొగలా చలి బయటికొచ్చింది. గదంత ఫ్రిజ్జు! కిటికీ లేదు. సందు లేదు. చిట్టి కేకును హోటల్ వాళ్ళ చక్రాల బల్ల మీద తోసుకుంటూ లోపలికి వెళ్ళింది. తలుపు బరువుగా మూసుకోబోయింది.

అది గోడకు తాకలేదు. అమ్మోగారి చెప్పు మధ్యలో ఉంది. చెప్పులో కాలు కూడా ఉంది.

"ఎవరండీ తలుపు దగ్గర? చలి పోతోంది!" అంది లోపలి నుంచి పెద్దావిడ.

"మా అమ్మండి," అంది చిట్టి. గొంతులో విసుగు లేదు. "కాలు తీయదండి. మీరు రుచి చూడండి."

లోపల చాకు చప్పుడు, చెంచా చప్పుడు. అమ్మోగారు కాలు నొప్పి పుడుతున్నా కదల్లేదు. ఆఖరికి సందులోంచి చిట్టి ముక్కు, దాని వెనక ఇంతింత కళ్ళు కనబడ్డాయి.

"అమ్మా! ఒప్పుకున్నారే! వచ్చే వారం నుంచి! వారం వారం ఇక్కడికే!"

అమ్మోగారి కళ్ళు చెమర్చాయి. రెండు చేతులూ గుండె మీద పెట్టుకుంది. అంతలోనే చూపు ఆ లావుపాటి తలుపు మీదికి, దాని ఇనుప గొళ్ళెం మీదికి పోయింది.

"అమ్మో," అంది. "వారం వారమా!"