ఎరువులో తేమ

తడి ఎరువు తూచి అమ్మితే నీళ్ళు కూడా అమ్మినట్టేనా అన్న సందేహం నాకు ప్యాకెట్లు కట్టడం మొదలుపెట్టిన నాటినుంచీ ఉంది. వానపాముల ఎరువు పూర్తిగా ఎండకూడదు. ఎండితే అందులో జీవం పోతుంది. అయితే జల్లెడ పట్టేటప్పుడు దుమ్ము లేవకుండా నేను మరో రెండు చెంబులు చల్లేదాన్ని. ఆ నీళ్ళ బరువు ఎవరిది? తూకం తగ్గించకూడదని చిన్నప్పుడు అరబ్బీ చదువుకునే రోజుల్లోనే నేర్పారు. నేను తగ్గించలేదు, కాటా ఐదు కిలోలు చూపించాకే ప్యాకెట్ మూతి కుట్టేదాన్ని. ఒకసారి మా ఆయన షబ్బీర్ చేత మసీదులో హజ్రత్ గారిని అడిగించాను. "తడి కొనేవాళ్ళకి కనబడుతూనే ఉంది గదా, దాచలేదు గదా" అన్నారట. సమాధానం బాగానే ఉంది. కానీ నమాజు చాప మడిచేటప్పుడు మళ్ళీ అదే గుర్తొచ్చేది.

మాది నరసరావుపేట. మా ఆయన బోరు మోటార్లు బాగుచేస్తాడు. ఇంటి వెనక రేకుల కింద మూడు తొట్లలో నేను ఎరువు చేస్తాను. అందులో వానపాములు రొంపిచెర్ల రామయ్య బాబాయి ఇచ్చినవి. ఆయన మోటారు చెడిపోయినప్పుడు మా ఆయన వెంట నేనూ వెళ్ళి, గొడ్లపాక పక్కన ఎరువు గుంట చూసి ముచ్చటపడితే, వెదురు తట్ట నిండా తీసి ఇచ్చాడు.

"పాలకి తోడు లాంటియ్యమ్మా ఇయ్యి. నీకాడ పెరిగినాక నా తట్టెడు నాకియ్యి" అన్నాడు.

అప్పుడు మా అమ్మాయి సమ్రీన్ ఆరో తరగతి. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. తట్ట మా గోడకే వేలాడుతోంది. మధ్యలో ఒకటి రెండుసార్లు ఏరబోయాను. తడి ఎరువులో పాములు ముద్దలో ముద్దగా కలిసిపోయి ఉంటాయి, వేళ్ళతో ఏరితే దోసెడు కూడా రావు. నిండు తట్ట తీసుకుని దోసెడు పట్టుకెళ్ళడానికి మనసొప్పలేదు.

ఈ ఏడాది చలికాలం చివర నా ప్యాకెట్లన్నీ ఆటోలో తిరిగొచ్చాయి. మేడల మీద మొక్కలు పెంచుకునేవాళ్ళు కొనే నర్సరీ ఝాన్సీలక్ష్మి అక్కది. నేను చేసేదంతా ఆమెకే వేస్తాను. ఫోన్ చేశాను.

"ఏంజెయ్యమంటావ్ అబిదా? ఆఫీసోళ్ళొచ్చి చూసిపోయినారు. చీటీ లేకుండా ఎరువు అమ్మగూడదంట. ఎవరు చేసినారు, ఏ నెల్లో కట్టినారు, తూకమెంత, లోపల ఏమేం ఉండయ్యి, అన్నీ ప్యాకెట్ మీద అచ్చేసి ఉండాలంట."

"మరి నా సంగతేందక్కా?"

"చీటీతో తీసుకురా, మళ్ళీ నీదే పెడతా. రెండు నెలలు చూస్తా. ఆపైన గుంటూరు సరుకు దించుకుంటా. అప్పుడు నన్ననబాక."

వ్యవసాయ ఆఫీసులో కావ్య అనే అమ్మాయి ఓపికగా చెప్పింది. సమ్రీన్ అప్పటికే ఫోన్లో చీటీ ఒకటి తయారుచేసింది. పచ్చటి ఆకు, నా పేరు, దాని కింద 'అన్ని మొక్కలకూ అమృతం'.

"ఈ అమృతం తీసెయ్యండి ఆంటీ" అంది కావ్య.

"బాగుంది గదా మేడం?" అంది సమ్రీన్.

"బాగానే ఉంది. అమృతం ఏ ల్యాబ్‌లో టెస్ట్ చేయిస్తావు?"

సమ్రీన్ నవ్వి చెరిపేసింది. నత్రజని, భాస్వరం, పొటాష్ ఎంతెంతో ల్యాబ్ చెప్పిందే వేయాలట. తేమ కూడా వేయాలట, అది పాతిక శాతం దాటకూడదట. నమోదు కాగితాలు తను చూస్తానని, ముందు శాంపిల్ పంపమని చెప్పింది.

రిపోర్టు వచ్చింది. మిగతావన్నీ సరిపోయాయి. తేమ ముప్పైనాలుగు. ఆ అంకె కేసి చాలాసేపు చూశాను. అయితే నా సందేహం ఉత్తిది కాదన్నమాట.

మా ఆయన లెక్క వేశాడు. "పాతికకి దించితే ఎనిమిది ప్యాకెట్లు ఏడవుతయ్యి. ఝాన్సక్క ధర పెంచదు. ఒక పని చెయ్యి, శాంపిల్ మటుకు ఎండబెట్టి పంపుదాం. అమ్మేది ఎప్పట్లాగే అమ్ము. ఎవరు చూడొచ్చారు?"

"చీటీ మీద నా పేరుంటది."

"ఉంటే?"

"ఇన్నాళ్ళూ నేనేం చెప్పలా, వాళ్ళు చూసుకొని కొనుక్కున్నారు. రేపు పాతికని చెప్పి ముప్పైనాలుగు పోస్తే దాన్నేమంటారు?"

ఆయన మెడ గోక్కున్నాడు. "అబద్ధమంటారు. నువ్వు హజ్రత్ కంటే గట్టిదానివే."

"హజ్రత్‌ని అడిగినప్పుడు చీటీ లేదు గదా."

మర్నాడు ఆయనే పెద్ద టార్పాలిన్ పట్టా తెచ్చి రేకుల కింద పరిచాడు.

నీళ్ళు చల్లడం మానేశాను. ముక్కుకు గుడ్డ కట్టుకుని, తొట్లలో ఎరువు తీసి నీడన కుప్ప పోశాను. పాములు చచ్చిపోతాయేమోనని ఒక పక్కన గోనె తడిపి పరిచాను. పైపొర ఆరినకొద్దీ తీసి జల్లెడ పట్టేదాన్ని. మళ్ళీ పొర ఆరేది. అలా కుప్ప తరుగుతూ వచ్చింది. చివరికి గోనె ఎత్తి చూస్తే కింద పాములే పాములు, ఎర్రగా, ఒకదాన్నొకటి చుట్టుకుని. తేమ వెతుక్కుంటూ అన్నీ అక్కడికే చేరాయి. ఇన్నేళ్ళూ ఇవి ఎన్ని నా ప్యాకెట్లలో పడి ఊళ్ళో మేడలెక్కాయో.

రెండో శాంపిల్‌లో తేమ ఇరవైమూడు వచ్చింది. నమోదు కాగితం చేతికొచ్చాక చీటీలు అచ్చు వేయించాం. రెండు నెలల గడువు ఇంకా దాటలేదు. ఝాన్సీలక్ష్మి అక్క ఒక ప్యాకెట్ ఎత్తి నొక్కి చూసింది.

"ఏందే, పొడిపొడిగా ఉంది?"

"నీళ్ళు తగ్గించానక్కా. ధర కొంచెం..."

"ఇప్పుడే అడగబాక. జనం కొననీ, చూద్దాం." చీటీ చదివి, ప్యాకెట్లు వాకిట్లో ముందు వరసలో పెట్టించింది. ధర మటుకు ఇప్పటికీ అదే.

ఆ ఆదివారమే తొట్లకు సరిపడా పాములు ఉంచుకుని, మిగతావి గోడ మీది తట్టలోకి ఎత్తాను. తడి గుడ్డ కప్పి మా ఆయన బండి మీద రొంపిచెర్ల వెళ్ళాం. రామయ్య బాబాయి పాక ముందు మంచంలో కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. తట్ట చూసి గుర్తుపట్టాడు.

"నాదేనా అమ్మా అది?"

"నీదే బాబాయ్. చానా ఆలస్యమయింది. నీ గుంట ఎట్టుంది?"

"యాడుంది? నేను ఆస్పత్రిలో పడుంటే నీళ్ళు చల్లేవోళ్ళు లేక ఎండిపోయింది. ఒక్కటి మిగల్లా."

"అడగొచ్చు గదా?"

"తోడిచ్చినోడు పెరుగు కోసం ఎదుటోళ్ళ వాకిట్లో కూచుంటాడా? వచ్చేదుంటే అదే వస్తది." తట్ట మీది గుడ్డ తొలగించాడు. "ఎరువుకి చీటీ ఏసినావంటగా. మరి దీనికేదమ్మా?"

"దీనికెవరూ అడగలా బాబాయ్. నిండుగానే ఉంది, చూసుకో."

ఆయన చెయ్యి అడుగుదాకా పోనిచ్చి పిడికెడు పైకి తీశాడు. అన్నీ కదులుతున్నాయి.

"ఉండయ్యి" అన్నాడు.

పాక వెనక వేడి చల్లారిన బర్రె పేడ కుప్ప ఉంది. మా ఆయన దాన్ని గుంటలోకి లాగాడు, నేను రెండు చెంబులు నీళ్ళు చల్లాను. బాబాయి తట్ట బోర్లించి, అంచున పట్టుకున్న పాముల్ని కూడా వేలితో దింపాడు. తర్వాత తట్ట దులిపి పాక గుంజకున్న మేకుకు తగిలించాడు.